ఎవరి చేయి తగిలినది?

అన్నమును గూర్చి మన యిండ్లలో తరతరములుగా అడుగబడుచు వచ్చిన ప్రశ్న యొకటి కలదు. అది రుచిని గూర్చినది కాదు. ఆరోగ్యమును గూర్చినదియు కాదు. "దీనిని ఎవరు ముట్టిరి?" అనునదే యా ప్రశ్న. నీళ్లు తోడిన దెవరు, వండిన దెవరు, వడ్డించిన దెవరు అని విచారించిన పిమ్మటనే మన పెద్దలు విస్తరి ముందు కూర్చుండెడివారు. నీటితో వండిన దాని కొక విధి, నేతితో వేచిన దాని కొక విధి యేర్పడియుండెను. ఇదంతయు శుచికొఱకే యని చెప్పుచు వచ్చిరి. కాని స్వకులస్థుడు మురికిచేతులతో వండిన యన్నము పవిత్రమనియు, అన్యకులస్థుడు కడిగిన చేతులతో తెచ్చిన మంచినీళ్లు మైల యనియు నెంచుటను చూచినవారికి ఆ మాటలోని సత్య మెంతయో తెలియకపోదు. 1881వ సంవత్సరము డిసెంబరు నెలలో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, దానిలో పాల్గొన్నవారిని లోకము శిక్షింపబూనిన విధమేది? వెలి. అనగా వారితో పంక్తిని కూర్చుండకుండుట, వారింట నీరు త్రాగకుండుట. మనుష్యుని మనుష్యుడు నొప్పించుటకు అన్నముకంటె పదునైన యాయుధము మన సంఘమునకు దొరకలేదు.

ఈ ప్రశ్నను మన యిండ్లనుండి తొలగింపవలయునని సంస్కర్తలు నూఱేండ్లకు పైగా పాటుపడిరి. సహపంక్తి భోజనములు పెట్టిరి, వ్రాసిరి, ఉపన్యసించిరి, వెలికి గురియైరి. వారి కృషి వ్యర్థము కాలేదు. కాని వారి యుపన్యాసములు చొరలేని వంటయిండ్లలోనికి సయితము నేడొక యినుప పెట్టె నిరాటంకముగా చొచ్చినది. న్యూజీలండు దేశమున కోసిన కివీ పండును, అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున పండిన యాపిలుపండును విజయవాడలోనో హైదరాబాదులోనో కొని తెచ్చుకొను గృహస్థుడు దానిని కోసిన వాని కుల మడుగడు, మత మడుగడు, పేరైన నడుగడు. మడికట్టుకొని పూజచేయు నిల్లాలు ఆ పండునే నైవేద్యము పెట్టును. చలువయోడ చేసిన యీ మేలును మేము చిన్నచేయము. అయినను ఒక ప్రశ్న తప్పుడు ప్రశ్న యైనప్పుడు దానికి బదులుగా సరియైన ప్రశ్న రావలయును గాని, ప్రశ్నయే లేకుండ పోవుట మేలగునా యని విచారింపవలసియున్నది. ఈ వ్యాసమున మా ప్రయత్నమంతయు నదియే.

ముందుగా ఈ చలువ సముద్రము మీదికి ఎట్లు వచ్చినదో తెలిసికొందము. యంత్రములు పుట్టక పూర్వమే మంచు మన దేశమునకు ఓడలలో వచ్చెను. 1833లో బోస్టను నగరమునుండి 'టస్కనీ' యను నోడ 180 టన్నుల మంచుగడ్డలతో బయలుదేరి, నాలుగు నెలలు ప్రయాణము చేసి కలకత్తా చేరెను. దారిలో కరగినది పోగా దాదాపు 100 టన్నులు మిగిలినది. న్యూ ఇంగ్లండు చెఱువులలో చలికాలమున గట్టిపడిన నీటిని ఱంపములతో కోసి, ఱంపపుపొట్టులో పాతిపెట్టి, భూమధ్యరేఖను రెండుమారులు దాటించి యమ్మిన ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుని వ్యాపార మిది. చెన్నపురి సముద్రతీరమున అతని మంచును దాచుటకు 1842లో కట్టిన 'ఐస్ హౌసు' నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి బస చేసినది ఆ భవనముననే. ఆ మంచు ధనికుల పానపాత్రలకును, రోగులకును ఉపయోగపడెను గాని లోకపు టాకలికి సంబంధించినది కాదు.

ఆకలికి సంబంధించిన కథ యంత్రముతో మొదలైనది. 1876లో షార్లు తెలియే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 'ఫ్రిగొరిఫిక్' అను నోడలో చలువయంత్రముల నమర్చి మాంసమును రువానునుండి దక్షిణ అమెరికాకు పంపెను. అయినను లోకమును నమ్మించినది 1882లో 'డనీడిన్' అను తెరచాపయోడ చేసిన యాత్ర. ఫిబ్రవరి 15వ తేదీన అది న్యూజీలండులోని పోర్టు చామర్సు రేవునుండి దాదాపు 5,000 గొఱ్ఱెల, గొఱ్ఱెపిల్లల కళేబరములతో బయలుదేరెను. నడుచునది గాలిచేత, చలువ పుట్టించునది ఆవిరియంత్రము. యంత్రపు పొగగొట్టమునుండి లేచిన నిప్పురవ్వలు తెరచాపలకు పలుమార్లు అంటుకొనెను. ఉష్ణమండలమున గాలి కదలక చలువ యంతటను సమముగా ప్రసరింపకపోగా, ఓడ నాయకుడు విట్సన్ తానే గాలిగొట్టములో ప్రాకి పోయి రంధ్రములు కోసెను. అక్కడి చలికి స్మృతి తప్పిన యాతనిని కాళ్లకు త్రాడు కట్టి వెనుకకు లాగవలసివచ్చెను. 98 దినములకు ఓడ లండను చేరినప్పుడు పాడైనదని పాఱవేసినది ఒక్క కళేబరము మాత్రమే. ఆ నాయకుడు దాదాపు తన ప్రాణమునే యిచ్చి కాపాడిన మాంసమును తిన్న లండను వాసులలో నెందఱికి ఆతని పేరు తెలిసియుండును? ఎనిమిదేండ్ల పిమ్మట, 1890లో, ఆ యోడయే మనుష్యులతో కూడ సముద్రమున అదృశ్యమై పోయినది. చలువయోడ చరిత్ర మొదటి పుటలోనే తినువానికిని, తెచ్చువానికిని నడుమ ఈ యెఱుకలేమి కానవచ్చుచున్నది.

నేడు ఓడ యంతటిని చల్లబఱచు పద్ధతి చాలవఱకు తగ్గి, ఒక్కొక్క పెట్టెకు వేఱు యంత్ర మమర్చుట వాడుకలోనికి వచ్చినది. ఇరువది లేక నలువది యడుగుల పొడవుగల యినుప పెట్టెలవి. ఓడమీద విద్యుత్తునకు తగిలించిన చాలును, నెలల తరబడి లోపలి చలువ తప్పదు. గడ్డకట్టిన రొయ్యకు సున్నకు దిగువ 18 డిగ్రీలు కావలయును. పచ్చి యరటికాయకు సున్నకు ఎగువ 13 డిగ్రీల ప్రాంతము కావలయును. అంతకు మిక్కిలి తగ్గినచో తొక్క నల్లబడి కాయ చెడును. ఈ పెట్టెను గూర్చి పామరులకు తెలియని విషయ మొకటి కలదు. వేడి సరుకును చల్లబఱచుట దీని పని కాదు. చల్లార్చిన సరుకునే దీనిలో నింపవలయును. చల్లనిదానిని చల్లగా నుంచుటకే దీని శక్తి చాలును. వెచ్చగా నింపిన సరుకు లోపలనే క్రుళ్లును. చలువ చెడ్డదానిని మంచిదిగా చేయజాలదు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపగలదు. పాఠకు లీ మాటను జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము. ఏలయన, సరుకు విషయమున నిజమైనది దాని వెనుకనున్న శ్రమ విషయమునను నిజము. తీరమున న్యాయముగా కోసినది అవ్వలి తీరమునకు న్యాయముగానే చేరును. అన్యాయముగా ఒలిచినది అన్యాయముగానే చేరును. నడుమనున్న వేల మైళ్ల నీరు దానిని కడుగదు.

ఇక్కడ కొందఱు మిత్రులు మమ్మడ్డగించి, "అట్లైన ఊరి పంట ఊరిలోనే తినిన సరిపోదా? ఓడ లెందుకు, పెట్టె లెందుకు?" అని యడుగుదురు. ఈ మాట వినుట కింపుగా నున్నది గాని చరిత్ర దీనిని సమర్థింపదు. ఊరి పంట తప్ప మఱియొకటి యెఱుగని కాలమున ఊరి పంట పోయినప్పుడు ఊరే పోయెడిది. పంట పండిన చోటికిని అమ్ముడుపోవు నంగడికిని నడుమ లోకమున ఆహారము నూటికి దాదాపు 14 పాళ్లు నష్టమగుచున్నదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ 2019లో లెక్క కట్టెను. ఒక రైతు ఎండలో నాలుగు నెలలు కాచిన పండు బండిమీద క్రుళ్లిపోవుట పుణ్యకార్యము కాదు. వానలు చాలని యనంతపురము జిల్లా రైతులు పండించిన యరటికాయలు 2020 జనవరిలో తాడిపత్రినుండి 43 చలువపెట్టెలతో ప్రత్యేకపు రైలులో బొంబాయి ప్రాంతపు రేవునకు పోయి, అచ్చటినుండి విదేశముల కెగుమతి యయ్యెను. కరవుసీమ రైతునకు సముద్రపు టావలి యంగడి తెఱచిన చలువను మే మేల నిందింతుము? మఱియు ఓడ మెల్లగా పోవును. విమానమున పంపిన దానితో పోల్చినచో టన్నునకు అది గాలిలోనికి విడుచు పొగ యెన్నో రెట్లు తక్కువ. కావున దూరము దూరమైనంతమాత్రమున పాపము కాదు.

అట్లని రవాణాయే దయ యనుకొనుటయు పొరపాటే. 1876 మొదలు 1878 వఱకు మన బళ్లారి, కర్నూలు, కడప సీమలలో జనులు ధాత కఱవున మలమల మాడి చచ్చుచుండగా హిందూదేశమునుండి ఇంగ్లండునకు గోధుమల యెగుమతి యాగలేదు. రైళ్లుండెను, ఓడలుండెను, ధాన్యమును ఉండెను. లేనిది కఱవు జనుల చేతిలోని కాసు. ధాన్యము ఆకలివైపు నడువదు, ధరవైపు నడచునని ఆ రెండేండ్లు మన పూర్వులకు నేర్పెను. అమర్త్యసేనుగారు 1981లో ప్రకటించిన గ్రంథమున వివరించినదియు స్థూలముగా నిదియే: కఱవునకు కారణ మెల్లప్పుడు తిండి లేకపోవుట కాదు, తిండిని పొందు నధికారము జనులకు లేకపోవుట. ఓడ పనిముట్టు. దానిని ఎటు త్రిప్పవలయునో దానికి తెలియదు, త్రిప్పువారికి తెలియవలయును.

త్రిప్పువా రెఱుగనప్పుడు, ఎఱిగియు లక్ష్యపెట్టనప్పుడు ఏమి జరిగినదో రెండు నిదర్శనములు చూపుదుము. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ యను నమెరికా వర్తకసంఘమువారి యరటిపండ్ల యోడలకు తెల్లరంగు వేసెడివారు. తెలుపు ఎండవేడిమిని త్రిప్పికొట్టి పండ్లను చల్లగా నుంచునని వారి యుద్దేశము. చూపరులకు ఆ యోడలు హంసలవలె నుండెను. 1928లో కొలంబియా దేశమున ఆ సంఘపు తోటలలో పనిచేయు కూలీలు పని మానిరి. వారు కోరిన దేమి? వ్రాతమూలకమైన యొడంబడిక, ఎనిమిది గంటల పని, వారమున కొక దినము విశ్రాంతి, చీట్లకు బదులు రొక్కముగా కూలి. డిసెంబరు నెలలో సియెనాగ పట్టణపు మైదానమున గుమిగూడిన వారిమీద ఆ దేశపు సైన్యము తుపాకులు ప్రేల్చెను. స్త్రీలు, బాలురు ఉన్న గుంపది. ఎచ్చటనో పలహారపు బల్లమీద అరటిపండు ఒలుచుకొను కుటుంబమునకు ఆ చప్పుడు వినబడలేదు. ఓడ తెల్లగానే యుండెను. పండు చల్లగానే యుండెను.

రెండవది మన కాలమునాటిది. నడిసముద్రమున చేపలు పట్టు పడవలనుండి సరుకును చలువయోడలు అచ్చటనే యెక్కించుకొని పోవుట కలదు. అందుచేత పడవ రేవు ముఖము చూడకుండ నెలలు, సంవత్సరములు నీటిమీదనే యుండవచ్చును. పడవ రేవునకు రానప్పుడు దానిలోని మనుష్యుడును రాడు. ఇండొనీషియాలోని బెంజీనా యను ద్వీపగ్రామమున బర్మా మొదలగు దేశములనుండి మోసపుచ్చి తెచ్చిన మనుష్యులను బానిసలుగా చేపలు పట్టించుచుండుటను 2015లో అసోసియేటెడ్ ప్రెస్సు విలేకరులు నలువురు స్త్రీలు కనుగొనిరి. పంజరమున బంధింపబడిన మనుష్యులను చూచిరి. దొంగ పేర్లతో పాతిపెట్టిన వారి సమాధులను చూచిరి. చచ్చిన పిమ్మట సయితము వారికి తమ పేరు దక్కలేదు. ఆ విలేకరులు అంతటితో విరమింపక, అచ్చట సరుకు నెక్కించుకొన్న చలువయోడను కృత్రిమోపగ్రహముల సాయమున థాయిలాండు రేవువఱకు వెంబడించి, అక్కడినుండి బండ్ల వెంట పోయి, అమెరికా యంగళ్ల వఱకు దారి నెఱుకపఱచిరి. ఆ వార్తల ఫలముగా 2,000 మందికి పైగా విడుదలైరి. ఎవరి చేయి తగిలినదో కనుగొనుట యసాధ్యమని పలుకువారికి ఈ నలువురు స్త్రీలు చేసిన పనియే సమాధానము.

పరదేశముల మాట యట్లుండనిండు; మన గడప చూతము. నేడు హిందూదేశమున చెఱువులలో పెంచు రొయ్యలలో నధికభాగము ఆంధ్రదేశమునదే. 2009లో అనుమతి పొంది పసిఫిక్ సముద్రతీరపు జాతియైన వన్నామీ రొయ్యను తెచ్చినది మొదలు భీమవరము, నెల్లూరు ప్రాంతములు చెఱువులతో నిండినవి. ఆ రొయ్యలు విశాఖపట్టణము మొదలగు రేవులనుండి చలువపెట్టెలలో సముద్రము దాటుచున్నవి. చెఱువునకును పెట్టెకును నడుమ నొక చల్లని గది కలదు. ఆ గదిలో స్త్రీలు గంటల తరబడి నిలుచుండి, మంచులో కలిపిన రొయ్యకు తల త్రుంచి, పొట్టొలిచి, నరము తీయుదురు. వేళ్లు కొంకర్లు పోవును. గోళ్లచుట్టు చర్మము పగులును. వీరిలో పెక్కుమంది మేస్త్రీల ద్వారా దూరప్రాంతములనుండి వచ్చినవారు. 2024 మార్చిలో అమెరికాలోని యొక సంస్థ వీరి స్థితిని గూర్చి నివేదిక ప్రకటించి, కొన్నిచోట్ల అప్పుక్రింద కట్టువడిన చాకిరియు, చట్టవిరుద్ధమగు తక్కువ కూలియు కలవని చెప్పెను. ఎగుమతి వర్తకులు దానిని ఖండించిరి. ఎవరి మాట యెంతవఱకు నిజమో తేల్చు న్యాయస్థానము మా పత్రిక కాదు. అయినను మే మడుగునది వేఱు. నిజము తేల్చుకొనవలయునను కోరిక మనలో నెందఱికి కలిగినది? ఆ స్త్రీలలో మన భాష మాటలాడువారును, మన జిల్లాలవారును కలరు. అమెరికాలో నుండి గడ్డకట్టిన రొయ్యల పొట్లమును కొని తెచ్చి పులుసు పెట్టుకొను తెలుగు కుటుంబములకు ఆ రొయ్య నొలిచిన దానిచేయి పరాయిదానిది కాదు. తమ యూరి పొలిమేరదే కావచ్చును.

ఇప్పుడు మా సిద్ధాంతమును స్పష్టముగా చెప్పుదుము. "ఎవరి చేయి తగిలినది?" అను ప్రాతప్రశ్న అధర్మమైనది అడుగుటచేత కాదు, అడిగిన దిశచేత. చేతినుండి అన్నమునకు మైల ప్రవహించునని అది భావించెను. అట్టి మైల లోకమున లేదు. కాని అన్నమునుండి చేతికి గాయము ప్రవహించుట మాత్రము ప్రత్యక్షసత్యము. తినుటచేత మన మెవరికి ఋణపడితిమి, మన రుచికొఱ కెవరి వ్రేళ్లు పగిలినవి, ఎవరి నిద్ర చెడినది, ఎవరి బిడ్డ తల్లి లేక పండుకొన్నది అని యడుగుట ధర్మము. ప్రాతప్రశ్న మనుష్యుని దూరముచేయుటకు పుట్టినది. ఈ ప్రశ్న దూరమైన మనుష్యుని దగ్గఱకు తెచ్చుటకు పుట్టవలయును. మాట యొకటే, దాని ముఖము మాత్రము తిరిగినది. ఈ మూఢత మన దేశమునదే కాదని కూడ గ్రహింపవలయును. బండిమీద చలువయంత్రమును నిలుపుట సుసాధ్యము చేసిన ఫ్రెడరిక్ జోన్సు అమెరికాలోని నీగ్రోజాతివాడని పిలువబడిన నల్లజాతీయుడు. బాల్యముననే తలిదండ్రులను కోల్పోయి స్వయంకృషిచే యంత్రవిద్య నేర్చినవాడు. ఆతనితో నొక బల్లయొద్ద కూర్చుండుటకు సమ్మతింపని భోజనశాలలు ఆతని యంత్రము చల్లబఱచిన మాంసమును మాత్రము సంతోషముగా వడ్డించెను. ఆతడు మరణించిన మూడు దశాబ్దములకు, 1991లో, ఆ దేశము సాంకేతికవిద్యకు తా నిచ్చు నత్యున్నత పతకమును ఆతని పేర నిచ్చెను. చేతి ఫలమును గైకొని చేతిని త్రోసివేయుట సర్వదేశముల నున్న రోగము.

దీనికి మూడు పూర్వపక్షములు కలవు. మొదటిది: "ఎక్కడి రొయ్యయో, ఎవరు ఒలిచిరో మా కెట్లు తెలియును?" అనునది. తెలియదనుట సులభము, నిజము కాదు. చలువపెట్టె లోపలి వేడిమి ప్రయాణమంతటను ఎప్పుడెంత యుండెనో వ్రాయబడుచున్నది. ఆ లెక్క చూపనిదే కొనువాడు సరుకు నంగీకరింపడు. పరీక్షలో నిషిద్ధౌషధపు జాడ కనబడినచో ఆ రొయ్య యే చెఱువుదో వెదకి పట్టుకొనుటకు పుస్తకము లున్నవి. ఔషధపు జాడను చెఱువువఱకు త్రోవ పట్టగల వర్తకము కూలిజాడను ఒలిచినదాని చేతివఱకు త్రోవ పట్టలేకపోవుట యెట్లు? మొదటిదానిని కొనువా డడిగెను; రెండవదానిని అడుగలేదు. తేడా యింతియే.

రెండవది: "అట్లైన ఆ సరుకును కొనుటయే మానుదుము" అనునది. ఇది వైరాగ్యమువలె కనబడును గాని దీని బరువు ఎవరిమీద పడునో చూడవలయును. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము హిందూదేశపు సరుకులలో పెక్కింటిపై సుంకమును నూటికి 50 వఱకు పెంచినప్పుడు గోదావరి జిల్లాలలో రొయ్యధర దిగజారెను. ఆ దెబ్బ మొదట తగిలినది చెఱువు కౌలునకు తీసికొన్న చిన్నరైతునకు. పిమ్మట చల్లగదిలోని కూలిస్త్రీకి. ఆ సుంకమును విధించుటలో వారి మాట యేమియు లేదు. కొనుట మానిన మన చేతులు శుభ్రముగా నున్నవని సంతోషింతుము. ఆ సంతోషము ప్రాతమడికి చుట్టమే. మా మతమున చేయవలసినది విడుచుట కాదు, విచారించుట. బానిసచాకిరి రుజువైన చోట విడువవలసినదే. తక్కిన చోట్ల అడుగుచు కొనవలయును. వర్తకునకు మన మౌనము ఒక సమాధానము. మన ప్రశ్న మఱియొక సమాధానము.

మూడవది కఠినమైనది: "ఎక్కడెక్కడివారి కష్టమును తలచుచుండిన ముద్ద దిగునా? గృహస్థుడు లోకభారము నంతటిని మోయవలయునా?" దీనిలో న్యాయము లేకపోలేదు. ధర్మము శక్తి ననుసరించి యుండును. కాని మన పెద్దలు దేవఋణము, పితృఋణము అని కంటికి కనబడని వారికి సయితము ఋణములు గణించి తీర్చుచు వచ్చిరి. కీర్తిశేషులైన మూడు తరములవారి పేర్లు తప్పక జ్ఞాపకముంచుకొని తిలోదక మిచ్చువారికి, బ్రదికియున్నవారి శ్రమను ఒకమారు తలచుట మోయరాని భారమెట్లగును? 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు ప్రపంచమున దాదాపు నాలుగు లక్షల మంది నావికులు గడువు తీఱినను ఓడ దిగుటకు అనుమతి లేక సముద్రముమీదనే నిలిచిపోయిరి. రేవులు సరుకును దింపుకొనెను, మనుష్యుని దింపుకొనలేదు. మన మిండ్లలో తలుపులు మూసికొని తిన్న దినములలో మన యంగళ్లు నిండియుండుటకు వారు కారణము. ఓడ నావికులకు 2006లో చేసిన యంతర్జాతీయ శ్రామిక శాసన మొకటి కలదు. అది చేపల పడవలలోని వారికి వర్తింపదు. వారికి వేఱుగా 2007లో నొక శాసనము చేసిరి గాని దాని నంగీకరించిన దేశములు మిక్కిలి తక్కువ. ఇట్టి విషయములు తెలిసికొనుటకు వలసినది అరగంట.

ఇంత చెప్పి, ఇంటిలోని మాట చెప్పక విడిచినచో మా వ్యాసము కపటమగును. సముద్రపు టావలి కూలివానిని తలచి కన్నీరు పెట్టుట సుకరము; ఆతడు మన యింటికి వచ్చి జీతము పెంపుమని యడుగడు. మన వంటయింటిలో గిన్నెలు తోము స్త్రీ యడుగును. ఆమెకు వేఱు లోటా పెట్టిన యిల్లు, ఆమె త్రాగు కాఫీకి వేఱు గ్లాసు గూటిలో దాచిన యిల్లు నేటికిని మన వీధులలో కలవు. ఆ యింటి చలువపెట్టెను తెఱచి చూడుడు: ఎవరెవరో ఎక్కడెక్కడనో ముట్టి, తొలిచి, కడిగి, కట్టి పంపిన పదార్థములు వరుసగా నుండును. వేయిచేతులు తాకినది పవిత్రమై, ఎదుట నిలిచిన రెండుచేతులు మైల యగుట యే శాస్త్రమున కలదు? కావున ప్రశ్నను ఓడతో మొదలుపెట్టవలదు, ఇంటితో మొదలుపెట్టవలయును. వేఱు గ్లాసును తీసివేయుట మొదటిపని. ఆమెకు వారమున కొక దినము విశ్రాంతి యిచ్చుట రెండవపని. కొలంబియా కూలీలు తుపాకులకు ఎదురొడ్డి యడిగిన కోరికలలో నిదియు నొకటి యని మఱువరాదు. మూడవపని అంగడిలో నోరు తెఱచుట: ఇది యెక్కడిది, ఎవరు చేసిరి, వారి కేమి ముట్టినది అని యడుగుట. అంగడివాడు మొదట నవ్వును. పదిమంది యడిగిన పిమ్మట తనకు సరుకు తెచ్చువానిని అడుగును. నాలుగవపని బిడ్డలకు నేర్పుట. పండు చేతికిచ్చునప్పుడు పటము తెఱచి అది పుట్టినచోటును చూపుడు. భూగోళశాస్త్రము వచ్చును; దానితో కృతజ్ఞతయు వచ్చును. విదేశములందలి తెలుగువారి సంఘములు పండుగ విందులకు కొను సరుకును గూర్చి యీ ప్రశ్న నడిగిన, వారి మాటకు వ్యక్తుల మాటకంటె బల ముండును.

అన్నము పరబ్రహ్మస్వరూపమని మనవారు చెప్పుదురు. ఆ మాటను మేము శిరసావహింతుము. అయితే పరబ్రహ్మ విస్తరిలోనికి ఆకాశమునుండి యూడిపడలేదు. చెఱువుగట్టున మేలుకొని కాచినవాని కన్నులద్వారా, మంచులో మునిగినదాని వ్రేళ్లద్వారా, నడిసముద్రమున యంత్రపు చప్పుడు వినుచు ఇంటిని తలచుకొన్న నావికుని యొంటరితనముద్వారా వచ్చినది. వారి కందరకు మనము మ్రొక్కనక్కఱలేదు. వారికి రావలసినది వచ్చినదా యని యడిగిన చాలును. మన తాతలు విస్తరిముందు అడిగిన ప్రశ్ననే మనమును అడుగుదము: ఎవరి చేయి తగిలినది? వా రడిగినది త్రోసివేయుటకు. మన మడుగుట ఆ చేతిని పట్టుకొనుటకు కావలయును.